బెర్క్ ఆసుపత్రి, 119వ నంబరు గది

ఫ్రాన్స్ ఉత్తర కొసన, ఇంగ్లిష్ చానెల్ ఒడ్డున బెర్క్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. సముద్రం వెనక్కి తగ్గిందంటే కనుచూపు మేర ఇసుకే. ఊరికి దక్షిణాన ఓతీ నది సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నెల మీద సీల్ జంతువులు పడుకుని ఉంటాయి. ఏటా ఏప్రిల్‌లో అంతర్జాతీయ గాలిపటాల పండుగ జరుగుతుంది. ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్ ఒకటి దూరం నుంచే కనిపిస్తుంది. సెలవులకు వచ్చేవాళ్లు వీటి కోసమే వస్తారు. మెదడు గురించి చదువుకున్నవాళ్లకు మాత్రం బెర్క్ అంటే ఆ ఒడ్డునే ఉన్న మారిటైమ్ ఆసుపత్రి, అందులో 119వ నంబరు గది గుర్తొస్తాయి. మెదడు కాండంలో పాన్స్, మజ్జాముఖం అని ఒకదాని కింద ఒకటి ఉండే రెండు భాగాలున్నాయి. అవి ఎంత వేర్వేరు పనులు చేస్తాయో ఆ గదిలో పడుకున్న ఒక మనిషి వల్ల ప్రపంచానికి తెలిసినంతగా ఏ పాఠ్యపుస్తకం వల్లా తెలియలేదు.

ఆ మనిషి దగ్గరికి వెళ్లేముందు ఊరి సంగతి కాస్త చెప్పాలి. బెర్క్‌కూ రోగులకూ ఉన్న బంధం పాతది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పెరోషో అనే డాక్టరు, ఎముకలకూ గ్రంథులకూ క్షయ పట్టిన పేద పిల్లలను ఈ జాలరి పల్లెలో ఉంచి చూసేవాడు. భర్తనూ పిల్లలనూ పోగొట్టుకున్న ఒక వితంతువు వాళ్లను ఒడ్డుకు తీసుకెళ్లి, సముద్రపు నీళ్లతో పుండ్లు కడిగి, ఎండలో కూర్చోబెట్టేది. ఊళ్లోవాళ్లు ఆమెను ‘ఒంటరి మరియాన్’ అనేవాళ్లు. పిల్లలు తేరుకోవడం చూసి పారిస్ ప్రభుత్వ వైద్య సంస్థ 1861లో ఇక్కడ చెక్కలతో ఒక ఆసుపత్రి కట్టించింది. 1869లో పెద్ద భవనం లేచింది. దాన్ని మూడో నెపోలియన్ భార్య, మహారాణి యూజెనీ వచ్చి ప్రారంభించింది.

తర్వాత ముప్పావు శతాబ్దం పాటు వెన్నెముక క్షయ వచ్చినవాళ్లు యూరప్ నలుమూలల నుంచీ బెర్క్‌కు చేరారు. మందు లేని కాలమది. ఛాతీ నుంచి నడుము దాకా ప్లాస్టర్ వేసి, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు. అయినా గదుల్లో మగ్గబెట్టలేదు. చక్రాల మంచాల మీద, గుర్రపు బండ్లలో, పడుకున్నవాళ్లను పడుకున్నట్టే ఊరంతా తిప్పేవాళ్లు. రుమేనియా రచయిత మాక్స్ బ్లెచర్ అలా ఇక్కడ గడిపిన రోజులను 1937లో నవలగా రాశాడు. మరుసటేడే, ముప్పై నిండకుండానే చనిపోయాడు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ వచ్చాక ఆ మంచాలు ఖాళీ అయ్యాయి. వాటిలోకి ప్రమాదాల్లో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు చేరారు. కదలలేని మనిషితో మాట్లాడటం, అతన్ని బయటికి తీసుకెళ్లడం ఈ ఊరికి తరాల అలవాటు. తర్వాత జరిగిన కథలో ఈ అలవాటుకు పెద్ద పాత్రే ఉందని నేను నమ్ముతాను.

1995 డిసెంబరు 8న జాన్ డొమినిక్ బోబీ కుప్పకూలాడు. వయసు 43. ‘ఎల్’ పత్రికకు సంపాదకుడు. మూడు వారాల దాకా కోమాలో ఉన్నాడు. తెలివి వచ్చేసరికి కాళ్లూ చేతులూ లేవడం లేదు, నాలుక కదలడం లేదు, గుటక పడటం లేదు. కుడి కన్ను సరిగ్గా మూతపడకపోవడంతో కార్నియాకు పుండు పడుతుందని రెప్పలు కలిపి కుట్టేశారు. మిగిలింది ఎడమ కన్ను. దాని రెప్ప మాత్రం ఆయన చెప్పినట్టు వినేది. ఆలోచన, జ్ఞాపకం, బాధ, హాస్యం ఏవీ చెక్కుచెదరలేదు. ముక్కు మీద ఈగ వాలితే తెలిసేది. తోలడానికి చెయ్యి లేచేది కాదు.

తర్వాత ఆయన్ను బెర్క్ ఆసుపత్రి 119వ నంబరు గదికి చేర్చారు. అక్కడ స్పీచ్ థెరపిస్టు ఒక అక్షర క్రమం తయారుచేసింది. ఫ్రెంచిలో ఎక్కువగా వాడే అక్షరాలు ముందు, తక్కువ వాడేవి వెనక. ఇ, ఎస్, ఎ, ఆర్, ఐ, ఎన్, టి... ఇలా ఎవరో చదువుతూ పోవాలి. కావలసిన అక్షరం రాగానే ఆయన రెప్ప ఆర్పుతాడు. మళ్లీ మొదటి నుంచి. 1996 వేసవిలో క్లోద్ మాందిబిల్ ఆయన పక్కన కూర్చుని ఒక పుస్తకం మొత్తం ఇలాగే రాసుకుంది. ఆయన పొద్దున్నే పేరాలు మనసులో అల్లుకుని, కంఠస్థం చేసి, ఆమె వచ్చాక అక్షరం అక్షరంగా అప్పజెప్పేవాడు. రెప్పపాట్లు రెండు లక్షల దాకా అయ్యాయని అంచనా. ‘డైవింగ్ బెల్, సీతాకోకచిలుక’ అనే అర్థం వచ్చే పేరుతో ఆ పుస్తకం 1997 మార్చిలో వచ్చింది. వచ్చిన రెండు మూడు రోజులకే, మార్చి 9న ఆయన పోయాడు. పదేళ్ల తర్వాత జూలియన్ ష్నాబెల్ దాన్ని ఇదే ఆసుపత్రిలో సినిమాగా తీసి, కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు.

ఇంతకీ ఆయన తలలో ఏం జరిగింది?

పెద్దమెదడు నుంచి వెన్నుపాము దాకా దిగే భాగాన్ని మెదడు కాండం అంటారు. మొత్తం పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు. పైన మధ్యమెదడు, దాని కింద రెండున్నర సెంటీమీటర్ల పాన్స్, దాని కింద మూడు సెంటీమీటర్ల మజ్జాముఖం. మజ్జాముఖమే కిందికి సన్నబడి, కపాలం అడుగున ఉన్న రంధ్రం దగ్గర వెన్నుపాముగా మారుతుంది. పాన్స్‌ను 1573లో ఇటలీలోని బొలోన్యాకు చెందిన వరోలియో వర్ణించాడు. అందుకే దాని పూర్తి పేరులో ఇప్పటికీ ఆయన పేరుంటుంది.

పాన్స్ ముందువైపు ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బుకు కారణం చిన్నమెదడు. చెయ్యి చాపి గ్లాసు అందుకోవాలని పెద్దమెదడు అనుకోగానే ఆ సంగతి చిన్నమెదడుకూ తెలియాలి. ఎంత దూరం చాపాలో, ఎంత మెల్లగా పట్టుకోవాలో సరిదిద్దేది అదే. ఆ సమాచారమంతా పాన్స్‌లోని కణ సముదాయాల దగ్గర ఆగి, అడ్డంగా రెండో వైపుకు దాటి చిన్నమెదడులోకి పోతుంది. అదే చోట పెద్దమెదడు నుంచి కాళ్లూ చేతులకు, నాలుకకు, గొంతుకు వెళ్లే ఆజ్ఞల తీగలు నిలువుగా కిందికి దిగుతాయి. నిలువు తీగలూ అడ్డు తీగలూ మగ్గం మీది పడుగూ పేకల్లా ఒకదానిలోంచి ఒకటి పోతుంటాయి. మజ్జాముఖం దగ్గరికి వచ్చేసరికి అడ్డు తీగలుండవు. నిలువు తీగలన్నీ మళ్లీ ఒక్కటై ముందువైపు రెండు గట్లుగా కనిపిస్తాయి. మజ్జాముఖం అడుగు కొసన వాటిలో నూటికి తొంభై వంతుల దాకా ఎడమవి కుడికి, కుడివి ఎడమకు మారతాయి. మెదడులో కుడివైపు దెబ్బ తగిలితే ఎడమ చెయ్యి పడిపోవడానికి ఇదే కారణం.

రెండింటి నుంచీ బయటికి వచ్చే నాడులు చూస్తే పనుల తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. ముఖం మీద స్పర్శ, నమిలే దవడ, కంటిని పక్కకు తిప్పే కండరం, నవ్వూ ఏడుపూ చూపించే ముఖ కండరాలు పాన్స్ అధీనంలో ఉంటాయి. వినికిడి, శరీరపు తూకం తెలిపే నాడి రెండింటి సరిహద్దు గాడిలో చేరుతుంది. గుటక, గొంతు, నాలుక, గుండెకూ పేగులకూ వెళ్లే వేగస్ నాడి మజ్జాముఖానివి. ముఖం ద్వారా లోకంతో వ్యవహరించేది పాన్స్. మన ప్రమేయం లేకుండా లోపల జరగవలసినవన్నీ జరిపించేది మజ్జాముఖం. రక్తపోటు పడిపోతే క్షణాల్లో పసిగట్టి సరిచేసేది అదే. విషం లోపలికి పోతే వాంతి చేయించేది, దగ్గించేది, తుమ్మించేది అదే.

రక్తం అందే దారీ వేరు. మెడ వెనక ఎముకల గుండా రెండు వర్టిబ్రల్ ధమనులు పైకి వస్తాయి. వస్తూ వస్తూ మజ్జాముఖానికి రక్తం ఇస్తాయి. సరిగ్గా మజ్జాముఖం ముగిసి పాన్స్ మొదలయ్యే గాడి దగ్గర రెండూ కలిసి బేసిలార్ అనే ఒకే ధమనిగా మారి, పాన్స్ ముందువైపు మీదుగా పైకి పోతాయి. రెండు దారులు ఒకటైన చోట అడ్డంకి వస్తే మళ్లించడానికి రెండో దారి తక్కువ. బేసిలార్ ధమని మూసుకుపోతే పాన్స్ ముందుభాగం ఎండిపోతుంది.

బోబీ లాంటివాళ్లలో దెబ్బతినేది ఈ భాగమే. అక్కడ నిలువు తీగలు తెగడంతో పెద్దమెదడు ఆజ్ఞలు కిందికి చేరవు. అందుకే కాళ్లూ చేతులూ నాలుకా అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. కంటిని పక్కలకు తిప్పే కేంద్రం పాన్స్‌లోనే ఉంది కాబట్టి అదీ పోతుంది. కంటిని పైకీ కిందికీ తిప్పే కేంద్రం, రెప్పను ఎత్తే నాడి మాత్రం పైనున్న మధ్యమెదడులో ఉన్నాయి. అవి మిగులుతాయి. స్పర్శ తీగలు, మెలకువను నిలిపే అల్లిక పాన్స్ వెనకభాగంలో ఉంటాయి. అవీ చాలామందిలో మిగులుతాయి. అందుకే ఆ మనిషి పూర్తి తెలివితో ఉంటాడు, నొప్పి తెలుస్తుంది, పైకీ కిందికీ చూడగలడు, రెప్ప ఆర్పగలడు. కింద మజ్జాముఖం చెక్కుచెదరకపోవడంతో గుండె వేగం, రక్తపోటు, ఊపిరి తమ దారిన తాము నడుస్తాయి. 1966లో అమెరికా వైద్యులు ప్లమ్, పోస్నర్ ఈ స్థితికి ‘లాక్డ్ ఇన్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. వాళ్లకంటే నూట ఇరవై ఏళ్ల ముందే అలెగ్జాండర్ డ్యూమా ‘కౌంట్ ఆఫ్ మాంటే క్రిస్టో’లో కళ్లతో మాత్రమే మాట్లాడే ముసలి న్వార్తియేను సృష్టించాడు.

ఊపిరి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. ఈ రెండు భాగాల తేడా అన్నింటికంటే అక్కడే బాగా తెలుస్తుంది. ఆ తేడాను మొదట పట్టుకున్నవాళ్లూ ఫ్రెంచి వాళ్లే. 1812లో ప్రచురించిన ప్రయోగాల్లో లెగల్వా అనే వైద్యుడు కుందేళ్ల మెదడును ముందునుంచి ముక్కలు ముక్కలుగా తీస్తూ వచ్చాడు. పెద్దమెదడు తీసినా, చిన్నమెదడు తీసినా ఊపిరి ఆగలేదు. వేగస్ నాడి పుట్టే చోటికి దగ్గరలో మజ్జాముఖాన్ని కోయగానే ఆగింది. తర్వాత ఫ్లూరాన్స్ ఆ చోటును ఇంకా కుదించి, గుండుసూది తలంత ప్రదేశంలో ప్రాణం ముడిపడి ఉందన్నాడు. 1991లో స్మిత్, ఫెల్డ్‌మన్ బృందం అప్పుడే పుట్టిన ఎలుకల మజ్జాముఖం నుంచి పలుచని ముక్క తీసి చూస్తే, శరీరం లేకుండానే అది ఊపిరి లయను కొట్టుకుంటూ పోయింది. పాన్స్ ఆ లయను పుట్టించదు. దాన్ని సరిదిద్దుతుంది. 1923లో ఇంగ్లండ్‌లో లమ్స్‌డెన్ పాన్స్‌ను ఒక ఎత్తులో కోస్తే, పిల్లులు లోపలికి పీల్చిన గాలిని వదలకుండా చాలాసేపు పట్టి ఉంచేవి. పీల్చడం చాలు, ఇక వదులు అని చెప్పేది పాన్స్ పైభాగం అని అలా తెలిసింది.

ఇప్పుడు ఇద్దరు రోగులను పక్కపక్కన ఊహించండి. ఒకరికి పాన్స్ ముందుభాగం పోయింది. అతను నిద్రలోనూ మెలకువలోనూ ఊపిరి తీస్తూనే ఉంటాడు, కానీ డాక్టరు ‘ఊపిరి బిగపట్టండి’ అంటే బిగపట్టలేడు. ఆజ్ఞ కిందికి దిగే దారి లేదు. రెండో మనిషికి మజ్జాముఖంలో ఊపిరిని నడిపే భాగం దెబ్బతింది. మెలకువగా ఉన్నంతసేపూ అతను తలుచుకుని ఊపిరి తీయగలడు, బిగపట్టగలడు. నిద్రపోతే ఊపిరి ఆగిపోతుంది. ఈ రెండో స్థితికి 1962లో ‘ఒండీన్ శాపం’ అని పేరు పెట్టారు. కొందరు పిల్లలు దీనితోనే పుడతారు. దానికి కారణమైన జన్యువును 2003లో పారిస్ నెకెర్ ఆసుపత్రి పరిశోధకులు గుర్తించారు. ఆ పిల్లలు రాత్రంతా వెంటిలేటర్ మీద నిద్రపోవాలి. ఒకరిలో ఇచ్ఛ పోయి అలవాటు మిగిలింది, రెండో వారిలో అలవాటు పోయి ఇచ్ఛ మిగిలింది. రెండింటి మధ్య దూరం సెంటీమీటర్లే.

మజ్జాముఖానికి వచ్చే పక్షవాతం ఇంకోలా ఉంటుంది. 1895లో వాలెన్‌బర్గ్ అనే జర్మన్ వైద్యుడు దాన్ని వివరించాడు. ఒకవైపు ముఖం మొద్దుబారుతుంది, రెండో వైపు ఒంట్లో వేడీ నొప్పీ తెలియవు. గొంతు బొంగురుపోతుంది, గుటక పడదు, తల తిరుగుతుంది, వాంతులవుతాయి. కొందరికి ఎంతకీ తగ్గని ఎక్కిళ్లు పట్టుకుంటాయి. చేతులూ కాళ్లూ మాత్రం బలంగానే ఉంటాయి. మన ఇళ్లలో ప్రమాదం ఇక్కడే. మూతి వంకరపోలేదు, చెయ్యి పడిపోలేదు కాబట్టి పక్షవాతం కాదనుకుంటారు. పైత్యమనో గ్యాస్ అనో సోడా తాగించి పడుకోబెడతారు. ఉన్నట్టుండి కళ్లు తిరిగి, మాట ముద్దగా వచ్చి, ఒకటి రెండుగా కనిపించి, గుటక పడకపోతే గంట కూడా ఆగకూడదు. బేసిలార్ ధమనిలో గడ్డను తీగతో లాగేసే చికిత్స ప్రాణాలు కాపాడుతుందని, మంచం పట్టకుండా చేస్తుందని 2022లో వచ్చిన రెండు చైనా పరిశోధనలు తేల్చాయి. బోబీ కాలానికి అది లేదు.

మన దగ్గర ఈ రెండు భాగాలకు చట్టంలో కూడా చోటుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ‘బ్రెయిన్ స్టెమ్ డెత్’ను మరణంగా గుర్తించింది. జీవన్‌దాన్ పథకం ద్వారా తెలుగు రాష్ట్రాల్లో జరిగే అవయవదానాల్లో ఎక్కువ భాగం దీని మీదే ఆధారపడతాయి. నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. ఆ పరీక్షలు పైనుంచి కిందికి దిగుతాయి. కంట్లో వెలుగు వేస్తే కనుపాప కుంచించుకోవడం మధ్యమెదడు పని. కార్నియాను దూదితో తాకితే రెప్ప పడటానికి పాన్స్ ఉండాలి. గొంతులో తాకితే వాంతి వచ్చినట్టవడం, గొట్టం కదిపితే దగ్గడం మజ్జాముఖం చేయించాలి. చివరికి వెంటిలేటర్ తీసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా ఛాతీ కదలలేదని రూఢి చేసుకుంటారు. ఈ స్పందనలేవీ లేకపోతేనే మరణం. అవయవదానం గురించి ఇళ్లలో భయం ఉంటుంది, ‘లోపల తెలివి ఉండి ఉంటే?’ అని. ఆ భయం తప్పు కాదు. బోబీ స్థితికీ మరణానికీ తేడా తేల్చడానికే ఈ పరీక్షలన్నీ ఉన్నాయి. మజ్జాముఖం బతికి ఉన్న మనిషి ఈ పరీక్షలో మరణించినట్టు తేలడు.

అసలు అన్యాయం ఇంకోచోట జరుగుతోంది. కోమాలోంచి బయటపడి, ఒంట్లో ఏదీ కదలక, కళ్లు తెరుచుకుని పడుకున్న మనిషిని ‘తెలివి లేదు’ అని వదిలేసే చోట. బోబీ మొదలుపెట్టిన ఆలిస్ అనే సంఘం ఫ్రాన్స్‌లో ఇలాంటి రోగుల వివరాలు సేకరించింది. తెలివి ఉందని గుర్తించడానికి సగటున రెండున్నర నెలలు పట్టింది. మొదట గుర్తించినవాళ్లలో సగానికి పైగా కుటుంబసభ్యులే, డాక్టర్లు కారు. రెండున్నర నెలల పాటు ఆ మనిషి తన మంచం పక్కన జరిగే మాటలన్నీ వింటూ, జవాబు చెప్పలేక పడుకుని ఉన్నాడన్నమాట. అలాంటి బతుకు ఎందుకని తేలిగ్గా అనేవాళ్లకు ఇంకో లెక్క చెప్పాలి. అదే సంఘం సభ్యులను బెల్జియం పరిశోధకులు అడిగి 2011లో ప్రచురించిన సర్వేలో, లెక్కలోకి తీసుకున్న 65 మందిలో 47 మంది తాము సంతోషంగానే ఉన్నామన్నారు. జవాబు ఇవ్వగలిగినవాళ్ల మాటే అది, నిజమే. అయినా బయటివాళ్లం వాళ్ల తరఫున తీర్పు చెప్పే ముందు ఆ మాట వినాలి.

వాళ్లతో మాట్లాడటానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. మన అక్షరమాల ఇందుకు ఎంతో అనువుగా ఉంది. ఫ్రెంచివాళ్లు అక్షరాలను వాడకం ప్రకారం మళ్లీ పేర్చుకోవలసి వచ్చింది. మనకు క వర్గం, చ వర్గం, ట వర్గం అంటూ వరుసలు ముందే ఉన్నాయి. ‘అచ్చా, హల్లా?’ అని అడిగి, ఏ వర్గమో అడిగి, ఆ వర్గంలో ఎన్నో అక్షరమో అడిగి, చివరికి గుణింతం చదివితే చాలు. ఒక్కో అక్షరానికి నాలుగైదు ప్రశ్నలు. బడిపిల్లల గోడ చార్టు, ఓపిక ఉన్న మనిషి ఒకరు ఉంటే అమ్మ ఏం చెప్పాలనుకుంటుందో తెలుసుకోవచ్చు.

మీ ఇంట్లోవాళ్లకు ఇలాంటి స్థితి ఎప్పుడైనా వస్తే, కళ్లు తెరిచినప్పటి నుంచి రోజూ, రోజుకు చాలాసార్లు, దగ్గరగా కూర్చుని పేరు పెట్టి పిలిచి అడగండి: ‘నేను చెప్పేది వినిపిస్తే పైకి చూడు, నాన్నా.’ పక్కకు చూడమని అడగొద్దు, చెయ్యి నొక్కమని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. పైకి చూస్తే వెంటనే డాక్టరును పిలిచి చూపించండి. ఒకసారి చూడకపోతే మళ్లీ అడగండి.